ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రి: ఆ డబ్బుకు తగ్గట్టుందా?

ముందే చెప్పేస్తా, గది కోసమే అయితే హైదరాబాద్‌లో కొండ మీద ఉన్న, ఇప్పుడు తాజ్ హోటలైన ఫలక్‌నుమాకు పోకండి. గది బాగానే ఉంటుంది, ఎత్తు సీలింగు, మెత్తటి పరుపు, తెల్లటి దుప్పట్లు, ఏ లోటూ ఉండదు, కానీ లైటు తీసేశాక ఏ హోటల్ గదైనా ఒకటే కదా. అక్కడ మనం డబ్బు కట్టేది మధ్యాహ్నం లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి రాత్రి భోజనం అయ్యేదాకా ఆ కొండ మీద గడిపే గంటలకు. ఆ గంటలను లాడ్ బజార్‌లో గాజుల బేరానికో, చార్మినార్ దగ్గర పార్కింగ్ వెతుక్కోవడానికో పోగొట్టుకుంటే మాత్రం బిల్లు చూశాక ఏడుపొస్తుంది. నన్నడిగితే ఒక్కసారికి తగ్గట్టే ఉంది. రెండోసారి రాత్రి ఉండటానికి పోను, టీకి పోతా. ఎందుకో రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే హన్మకొండలో మా కాలనీ సగం నన్ను ఇదే అడుగుతోంది, ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు.

పోయింది అమ్మ, బాపు, మా ఆయన, నేను. అమ్మా బాపుల పెళ్ళిరోజుకు ఏదైనా చేద్దామని తమ్ముడు, చెల్లె, నేను కలిసి డబ్బులు వేసుకున్నాం. ఫంక్షన్ హాల్ మాట్లాడి చుట్టాలందరికీ భోజనాలు పెడదామని తమ్ముడు, అమ్మకు బంగారం కొందామని చెల్లె. బాపు రెండూ వద్దన్నాడు. ఆయన వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేసిన మనిషి, మిల్లు మూతపడి ఇన్నేళ్ళైనా నిజాం కాలం కట్టడం ఏది కనిపించినా ఆగి చూడకుండా ముందుకు పోడు. "పట్నంల అన్నీ సూసిన, గా ఫలక్‌నుమా లోపల ఎట్లుంటదో సూడలే" అని ఎప్పుడో అన్న మాట చెల్లె గుర్తుపెట్టుకుంది. ఇంకేం, అదే ఖాయం చేశాం. రేటు మాత్రం బాపుకు చెప్పలేదు. చెప్తే రైలెక్కేవాడు కాదు.

బుకింగ్ సంగతి. మొదట ఒక సైట్‌లో చూశాం, పేరు ఎందుకులే. పైన పెద్ద అక్షరాల్లో ఒక రేటు, లోపలికి పోతే ట్యాక్సు వేరు, పొద్దున టిఫిన్ వేరు, మనుషుల సంఖ్య మారిస్తే మళ్ళీ వేరు, చివరి పేజీకొచ్చేసరికి మొదట చూసిన రేటుకూ దానికీ చుట్టరికమే లేదు. పైగా క్యాన్సిల్ చేసుకుంటే డబ్బులు వాపసు రావని ఎక్కడో చిన్న అక్షరాల్లో. అది వదిలేసి నేరుగా హోటల్‌కే ఫోన్ చేశాం, అంతా అక్కడే తేలిపోయింది. రేటు తేదీని బట్టి మారుతుంది, గదికి రాత్రికి అర లక్ష అటూ ఇటూ అనుకుని ఫోన్ చేయండి, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇంకా పైకే. రోజుకు 7,500 దాటిన గదికి ఎక్కడైనా 18 శాతం జీఎస్టీ పడుతుంది, దాన్ని ముందే లెక్కలో వేసుకోండి, ఈ రేటు గదికి ఆ పన్నుతోనే మామూలు లాడ్జిలో వారం ఉండొచ్చు.

ఫోన్‌లో ఒక్కటి మాత్రం తప్పకుండా అడగండి, ఆ రోజు అక్కడ పెళ్ళేమైనా ఉందా అని. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్ళి ఇక్కడే జరిగింది, అప్పటి నుంచి పెద్దింటి పెళ్ళిళ్ళంటే మొదట గుర్తొచ్చే పేర్లలో ఇదొకటి. పెళ్ళి ఉన్న రోజు ఏ ప్యాలెస్ హోటలైనా పెళ్ళివారిదే, మనం చుట్టాలం కాని చుట్టాల్లా పక్కన తిరగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే అది కూడా బుక్ చేసేటప్పుడే చెప్పడం మంచిది. ఇది పాత మహల్, మెట్లు ఉండనే ఉంటాయి. మేం అమ్మ సంగతి చెప్పాం కాబట్టి ఆమె ఎక్కువ నడిచే పని లేని చోట గది ఇచ్చారు.

పోవడం. వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు పొద్దున రైలు. ఇక్కడ ఒక తమాషా, మనోళ్ళు చాలామంది ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మన మీదుగానే పోతుందనుకుంటారు, అది నల్గొండ, గుంటూరు మీదుగా హౌరా పోయే బండి, మన వరంగల్ మొహం కూడా చూడదు. మనకు ఆ ప్యాలెస్‌తో చుట్టరికం వేరే ఉంది. సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు నిజాం రైలు పట్టాలు పడింది 1886లో, అంటే అక్కడ కొండ మీద గోడలు లేస్తున్న రోజుల్లోనే. సుబేదారిలో మన కలెక్టర్ బంగ్లాకు పునాది పడింది కూడా ఆ ఏడాదే. బాపు ఇవన్నీ కాజీపేట దాటకముందే చెప్పేశాడు, ఎదురు సీటాయన పేపర్ మడిచి పెట్టి విన్నాడు.

సికింద్రాబాద్‌లో దిగి ఫోన్‌లో క్యాబ్ పెట్టుకున్నాం, ఏ కంపెనీయో వదిలేయండి. ఆ మ్యాప్‌లో ఎక్కడ గుర్తు పడిందో ఏమో, ఆ పిల్లగాడు పాతబస్తీ ట్రాఫిక్ మొత్తం ఈదించి, శాలిబండ దాటించి, తీరా తీసుకుపోయి ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ ముందు దింపాడు. "లొకేషన్ ఇదే చూపిస్తుంది మేడమ్" అంటాడు. ఎండలో సూట్‌కేసులతో నిలబడి నేను ఫోన్‌లో అరుస్తుంటే మా ఆయన ఒక ఆటో అన్నను పిలిచాడు, ఆయన ఉర్దూలో నవ్వి, ప్యాలెస్‌కు ఆటోలో వచ్చేవాళ్ళను చూడలేదు చలో అని గేటు దాకా తెచ్చి వదిలాడు. సొంత కారులో పోయేవాళ్ళు ఉప్పల్ వైపు నుంచి ఊళ్ళోకి దిగకండి. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి, తుక్కుగూడ దగ్గర దిగి, పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగా వస్తే కిలోమీటర్లు ఎక్కువైనా తల నొప్పి తక్కువ. చార్మినార్ అక్కడికి 5 కిలోమీటర్లే, కానీ సాయంత్రం పూట ఆ 5 కిలోమీటర్లను నమ్మొద్దు.

గేటు దగ్గర పేరు చూసుకుని లోపలికి పంపుతారు. బుకింగ్ లేకుండా ఊరికే చూసి వస్తామంటే కుదరదు, ఇది మ్యూజియం కాదు. గేటు నుంచి పైకి గుర్రపు బగ్గీ ఉంటుంది. అమ్మ ఎక్కనంటే ఎక్కనంది. "పెండ్లినాడే ఎక్కలే, గిప్పుడేంది, మంది సూస్తె నవ్వుతరు." చూడటానికి మంది ఎవరూ లేరు అక్కడ, ఒక తోటమాలి తప్ప. చివరికి బాపు ఎక్కి చేయి చాపితే ఎక్కింది, పైకి పోయేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. దిగి ముందు మెట్లు ఎక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. వచ్చే ప్రతి అతిథికీ చేస్తారు, ఫోటోల్లో అందరూ చూసిందే, నేనైతే అక్కడ కొంచెం నాటకంగా ఉంటుందేమో అనుకుంటూ పోయా. కానీ అమ్మ మొహం చూశాక ఆ మాట మానుకున్నా. బాపు మాత్రం కింద రేకులు చూసి "గివన్ని మల్ల ఎవలు ఊడుస్తరు?" అని అడిగాడు, చల్లిన అమ్మాయికి నవ్వాగలేదు.

ఇప్పుడు అసలు సంగతికి. సాయంత్రం ప్యాలెస్ మొత్తం తిప్పి చూపించే నడక ఒకటి ఉంటుంది, హోటల్‌లో ఉన్నవాళ్ళకు అది కలిసే వస్తుంది. దీన్ని వదులుకుంటే ఫలక్‌నుమా పోనట్టే లెక్క. కొందరు గదిలో పడుకుని, ఈత కొలను దగ్గర సెల్ఫీలు దిగి వచ్చేస్తున్నారు, వాళ్ళకు ఏం చెప్పాలో తెలియదు.

ఇది కట్టించింది నిజాం కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. పైగా అనే పేరున్న వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు బావ, తర్వాత హైదరాబాద్ రాజ్యానికి ప్రధాని కూడా అయ్యాడు. 1884లో మొదలుపెట్టి 1893 దాకా కట్టించాడు, ఆ రోజుల్లో 40 లక్షలు అయిందని చెప్తారు. గీసింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్, రాయి ఇటలీ పాలరాయి, ఆకారం పైనుంచి చూస్తే తేలులాగా. ఇల్లయితే లేచింది కానీ నవాబు గారు అప్పుల్లో మునిగారు. నిజాం వచ్చి బస చేసి, బాగుంది బాగుంది అని పోవడం లేదు. ఆ నవాబు బేగం నిజాం సోదరి, ఆమె సలహా మీదే దాన్ని నజరానాగా ఇచ్చేశాడనీ, నిజాం ఊరికే తీసుకోకుండా డబ్బు ముట్టజెప్పాడనీ కథ. ఇది 1897 నాటి మాట. ఇల్లు చేతులు మారినా ఆ నవాబు పేరు మొదటి అక్షరాలు, ఇంగ్లీషులో వీ, ఓ కలిపి అల్లిన గుర్తు, సామాన్ల మీదా సీలింగు మీదా ఇంకా అట్లాగే ఉంది. ఒకసారి కనిపెట్టారంటే ఇక ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది. బాపు ప్రతి గదిలో దాన్ని వెతికి నాకు చూపించాడు, కుర్చీ వెనక, తలుపు మీద, సీలింగు మూలన.

లోపలికి పోగానే పాలరాతి మెట్లు, పక్క గోడకు బ్రిటిష్ గవర్నర్ జనరళ్ళ బొమ్మలు వరసగా. పైన లైబ్రరీ, దాని సీలింగు చెక్కిన వాల్‌నట్ కర్రతో చేసింది, ఇంగ్లండ్‌లో విండ్సర్ కోటలో ఉన్న లైబ్రరీని చూసి కట్టారట. పుస్తకాలు 5,900 దాకా ఉన్నాయని చెప్పారు. బిలియర్డ్స్ బల్ల, షాండిలియర్లు, పాత ఆర్గాన్ వాయిద్యం, ఇవన్నీ చూస్తూ పోవడమే, అన్నీ రాస్తే మీరు పోయినప్పుడు చూడ్డానికి ఏమీ మిగలదు.

డైనింగ్ హాల్ మాత్రం రాయాల్సిందే. ఒకే బల్ల, 108 అడుగుల పొడవు, 101 కుర్చీలు, రోజ్‌వుడ్ కర్ర, ఆకుపచ్చ తోలు. 2017లో ఇవాంకా ట్రంప్ హైదరాబాద్ వచ్చినప్పుడు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఇక్కడే. ఆ హాల్‌లో ఒక చివర గుసగుసగా మాట్లాడినా ఇంకో చివర వినిపించేలా కట్టారని గైడ్ చెప్పాడు. వేరే ఊరి నుంచి వచ్చిన జంట ఒకరు ఆ చివరకు పోయి పరీక్ష చేస్తున్నారు, అందరం చెవులు రిక్కించి నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే ఈ చివర అమ్మ నా చెవి దగ్గరకొచ్చి, "గింత పొడుగు బల్లకు కూర వడ్డిచ్చుకుంట పోతె ఆఖరోనికి సల్లారిపోదా బిడ్డా" అంది. ఆ చివర ఉన్నాయన తెలుగువాడే అనుకుంటా, అక్కడి నుంచే పగలబడి నవ్వాడు. హాల్ కట్టినాయన పనితనానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

బాపు ఆ ఆకుపచ్చ తోలు మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాడు. మా తాతది జనగామ దిక్కు పల్లె. దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని పోయిన కాలం వాళ్ళది. 1946లో దొరల మీద పోరాటంలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు పడిపోయిన కడవెండి కూడా ఆ దిక్కే. ఈ షాండిలియర్లకు పైసలు ఎక్కడి నుంచి వచ్చాయనే లెక్క మనకు ఇంట్లోనే తెలుసు, దాన్ని హోటల్ వాళ్ళు చెప్పాలని నేనైతే అనుకోను, వాళ్ళ పని అతిథిని చూసుకోవడం. కానీ మన దిక్కు నుంచి పోయేవాళ్ళ తలలో అది లేకుండా ఉండదు. "మా నాయిన వస్తె గీ గడప తొక్కనిచ్చెటోళ్ళా?" అన్నాడు బాపు. "తొక్కనియ్యకపోదురు. గిప్పుడు పైసలు కడ్తె ఎవ్వలనన్న తొక్కనిస్తరు, నడువ్" అంది అమ్మ.

ఆరో నిజాం 1911లో ఈ ప్యాలెస్‌లోనే చనిపోయాడు. తర్వాత ఇది నిజాం అతిథి గృహంగానే ఉండిపోయింది, చివరి పెద్ద అతిథి 1951లో వచ్చిన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్. ఆ తర్వాత తాళం, దుమ్ము. 2000లో తాజ్ వాళ్ళు తీసుకుని పదేళ్ళు బాగుచేసి 2010లో హోటల్‌గా తెరిచారు, ఆ పని దగ్గరుండి చేయించింది ప్రిన్సెస్ ఎస్రా. గైడ్ ఆ పేరు చెప్పగానే బాపు, "ముకరంజా మొదటి భార్య. అంటే మా ఆజం జా కోడలు" అన్నాడు. మా ఆజం జా! ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జా పేరు మీదే 1934లో వరంగల్‌లో మిల్లు పెట్టారు, బాపు జీతం చీటీ మీద ఏళ్ళ తరబడి ఉన్న పేరు అది. మిల్లుకు తాళం పడింది, ప్యాలెస్‌కు తాళం తీశారు, నడిపించింది ఆ ఇంటి కోడలే. గైడ్ పిల్లగాడు అప్పటి నుంచి మిగతావాళ్ళను వదిలేసి బాపు పక్కనే నడిచాడు, నడక అయ్యేసరికి ఎవరు ఎవరికి చూపిస్తున్నారో తెలియలేదు.

తర్వాత టీ. పైన టెర్రస్ మీద కూర్చుంటే కింద పాతబస్తీ అంతా పరుచుకుని ఉంటుంది, సూర్యుడు దిగే టైమ్‌కు అక్కడ ఉండేలా చూసుకోండి. మూడు అంతస్తుల స్టాండ్ మీద చిన్న చిన్న సాండ్‌విచ్‌లు, కేకులు, పక్కన మన దిక్కువి కూడా రెండు మూడు. టీ చాలా బాగుంది, పలచగా ఉంటుందేమో అని భయపడ్డా కానీ అడిగితే చిక్కటి పాల టీ వేరేగా చేసి తెచ్చారు. అమ్మ బ్యాగ్‌లోంచి కవర్ తీసింది, సంక్రాంతి సకినాలు. నేను టెన్షన్‌తో అటూ ఇటూ చూస్తున్నా, బయటి తిండి పెద్ద హోటళ్ళలో ఒప్పుకోరు కదా. టీ పోస్తున్న పిల్లగాడు చూశాడు, దగ్గరికొచ్చి మెల్లగా "అమ్మా, మీదే ఊరు?" అన్నాడు. హన్మకొండ అంది. "మాది నర్సంపేట" అన్నాడు. ఇంకేం ఉంది, వాళ్ళ ఊళ్ళో ఎవరెవరు తెలుసో, పిల్లగాని పెళ్ళి ఎప్పుడో, అమ్మ మొత్తం తీసేసింది. వెళ్ళేటప్పుడు అతని చేతిలో రెండు సకినాలు పెట్టింది, డ్యూటీలో తినొద్దమ్మా అని నాప్‌కిన్‌లో చుట్టుకుని పోయాడు. నేను ఫైవ్ స్టార్ సర్వీసు అంటే బొమ్మల్లా నవ్వడం అనుకునేదాన్ని, ఇక్కడ మనుషులు మనుషుల్లాగే మాట్లాడారు, దానికి మాత్రం నిండా మార్కులు.

భోజనం అదాలో, హైదరాబాదీ వంటలు ఉండే రెస్టారెంటు అది. ఇటాలియన్ తిండికి సెలెస్ట్ అని ఇంకోటి ఉంది, మేం అటు పోలేదు. పత్తర్ కా గోష్త్ నోట్లో పెట్టగానే విడిపోయింది, మా ఆయన ఇంకోటి తెప్పించాడు. బిర్యానీ మంచి బిర్యానీయే, మసాలా గొంతులో నిలబడదు, ముక్క ఎముక నుంచి వదులుతుంది, కానీ మన నాలుకకు కారం తక్కువ. ఉప్పల్ దగ్గర ఏ హోటల్లోనో తిన్న బిర్యానీతో పోల్చి తిట్టొద్దు, అది వేరే ఇది వేరే. ఖుబానీ కా మీఠా మాత్రం వదలొద్దు. బాపు రాత్రిపూట మాంసం తినడు, అన్నం, పప్పు, ఏదైనా తొక్కు ఉందా అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది, మెనూలో అది లేదు. పది నిమిషాల్లో వేడన్నం, పప్పు, మామిడికాయ తొక్కు, నెయ్యి వచ్చాయి, ఒక్క ప్రశ్న లేకుండా. బాపు ఆ రాత్రి తిన్న తిండి గురించి ఇప్పటికీ చెప్పేది ఆ పప్పన్నమే. బిల్లు అయితే నేను ఆయన చేతికి అందనియ్యలేదు, ఫోల్డర్ రాగానే మా ఆయన లాక్కున్నాడు.

డబ్బు సంగతి సూటిగా చెప్పుకుందాం. గదిది ఒక లెక్క, తిండిది ఇంకో లెక్క, దాన్ని తక్కువ అంచనా వేయకండి. పొద్దున టిఫిన్ కలిసిన ప్యాకేజీ తీసుకోండి, విడిగా అయితే ఖర్చు ఎక్కువ. చిన్న పిల్లలున్నవాళ్ళకు నేను చెప్పను, అక్కడ పరిగెత్తొద్దు, ముట్టుకోవద్దు అంటూనే మీ సాయంత్రం గడిచిపోతుంది. రామోజీ ఫిల్మ్ సిటీ, జూపార్కు, చార్మినార్ అన్నీ ఒకే ట్రిప్‌లో పెట్టుకునేవాళ్ళకు కూడా వద్దు, వాళ్ళు ఊళ్ళో మంచి హోటల్ తీసుకోవడం నయం. ఎవరికి నప్పుతుందంటే, పెద్దవాళ్ళను తీసుకుని, ఒక మధ్యాహ్నం పోయి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ కొండ దిగకుండా ఉండగలిగినవాళ్ళకు.

అంత ఖర్చు వద్దనుకుంటే టీ ఒక్కటే బుక్ చేసుకోండి. ముందే ఫోన్ చేసి పేరు రాయించుకోవాలి, రేటు మనిషికి వేలల్లోనే ఉంటుంది కానీ రాత్రి బస ఖర్చులో అదెంత. టీకి పోయినవాళ్ళకు కూడా ఆ నడక ఉంటుంది, డైనింగ్ హాల్, లైబ్రరీ, టెర్రస్ మీద సాయంత్రం అన్నీ వస్తాయి. మాకు దొరికినదాంట్లో ముప్పావు భాగం అదే. పొద్దున వరంగల్‌లో రైలెక్కి, టీ తాగి, రాత్రికి వెనక్కి వచ్చేయొచ్చు. తెలంగాణ టూరిజం వాళ్ళు శని, ఆదివారాల్లో నిజాం ప్యాలెసుల టూర్ అని నడిపేదాంట్లోనూ ఫలక్‌నుమా టీ ఉంటుంది, వాళ్ళకు ఫోన్ చేసి తేదీలు కనుక్కోండి. నేను అత్తమ్మ వాళ్ళను ఎండాకాలం పోయాక అట్లాగే తీసుకుపోదామని అనుకుంటున్నా.

రాత్రి ఉన్నదానికి విడిగా దొరికేది ఒక్కటి ఉంది, అది రాత్రి తొమ్మిది దాటాక. టీ వాళ్ళు వెళ్ళిపోతారు, ఖాళీ అయిన వరండాలో కుర్చీలు వేసుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. అమ్మ అక్కడే కూర్చుని తమ్ముడికి వీడియో కాల్ చేసి ప్రతి స్తంభం చూపించింది, చెల్లెకు మళ్ళీ మొదటి నుంచి. ఆ ముచ్చటకు మేం ఎంత కట్టామో నాకు తెలుసు కాబట్టి ఎక్కువనే అంటాను, మా ఆయన మాత్రం కాదంటాడు.

మర్నాడు చెకౌట్ అయ్యాక నేరుగా ఇంటికి రాకండి. దారిలోనే నిజాంల చౌమహల్లా ప్యాలెస్ ఉంది, అది కూడా ఎస్రా గారే బాగుచేయించారు, చిన్న టికెట్‌తో ఖిల్వత్ దర్బారు, పాత కార్లు అన్నీ చూడొచ్చు, ఫలక్‌నుమాలో ఎవరి ఇంట్లో ఉన్నామో అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. ఓపిక ఉంటే పురానీ హవేలీ నిజాం మ్యూజియంలో ఆరో నిజాం బట్టల బీరువా చూడండి, బీరువా అంటే 176 అడుగుల పొడవు, రెండు అంతస్తులు, ఒకసారి వేసుకున్న బట్ట ఆయన మళ్ళీ వేసుకునేవాడు కాదని చెప్తారు. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, రెండూ బందే ఉంటాయి, సాలార్‌జంగ్ కూడా అంతే.